సమూయీ వెళ్లేవాళ్లూ, బండి నడిపే పర్మిట్ మర్చిపోకండి

ఎడిటర్ గారూ,
మొన్న మేం నలుగురం థాయ్‌లాండ్‌లో కో సమూయీ వెళ్లొచ్చాం. దీవిదాకా ఫ్లైట్ రేటు చూసి కళ్లు తిరిగి, బ్యాంకాక్ నుంచి రాత్రి రైల్లో సూరత్ థానీ, అక్కణ్ణుంచి బస్సు, డాన్‌సక్ రేవులో ఫెర్రీ ఎక్కితే ఇంకో గంటన్నర, నడుం విరిగింది గానీ డబ్బులు మిగిలాయి. దీవిలో సాంగ్‌థావ్‌లు తిరుగుతాయి, వెనక రెండు బెంచీలేసిన పికప్ బండ్లు, అచ్చం మన షేర్ ఆటోలే, రేటు మాత్రం ఎక్కకముందే మాట్లాడుకోవాలి. స్కూటీ అడిగితే షాపాయన పాస్‌పోర్ట్ తాకట్టు పెట్టమన్నాడు, ససేమిరా అన్నాం. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా నడిపి పడితే ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు, ఆ పర్మిట్ ఇక్కడ మన ఆర్టీఏ ఆఫీసులోనే ఇస్తారు. మీ టూరిజం పేజీలో బీచ్ ఫోటోల పక్కన ఇది కూడా వేయండి సార్.
- ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్