మసీదులో తెలుగు ఫిఖ్హ్ తరగతులకు, గ్రంథాలయానికి విరాళాల విజ్ఞప్తి

జమాత్ పెద్దలకు, సోదర సోదరీమణులకు అస్సలాము అలైకుమ్.

ఇషా నమాజు తర్వాత వారానికి మూడు రోజులు ఫిఖ్హ్, అంటే ఇస్లామీయ ధర్మశాస్త్రం, తెలుగులో బోధించే తరగతులు ప్రారంభించాలనీ, మేడమీది గదిని గ్రంథాలయంగా మార్చాలనీ మన మసీదు కమిటీ తీర్మానించింది.

నిరుడు రమజాన్‌లో ఒక సోదరి, మరణించిన భర్త ఆస్తి లెక్కను కరెంటు బిల్లు వెనక రాసుకుని ఇమామ్ సాహెబ్ వద్దకు వచ్చారు. ఆ భర్త తల్లిదండ్రులు ముందే పోయారు. ఆమె, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు మిగిలారు. అప్పులు తీర్చాక ఉన్నదాన్ని 32 వాటాలు చేస్తే ఆమెకు 4, కొడుక్కి 14, కూతుళ్లకు ఏడేసి వస్తాయని ఇమామ్ సాహెబ్ ఆ కాగితం మీదే వేసి చూపించారు. పెళ్లిళ్లకు ఖర్చు పెట్టాం కనుక ఆడపిల్లలకు వాటా లేదని బంధువులు అంతవరకూ ఆమెను నమ్మించారు. ఖురాన్‌లోని నిసా సూరాలో (అధ్యాయంలో) అల్లాహ్ నిర్ణయించిన హక్కు, చదివి చెప్పేవారు లేక మన ఇళ్లలోనే పోతున్నదంటే ఆ బాధ్యత మన జమాత్ అందరిదీ.

12వ శతాబ్దంలో మర్గీనానీ రచించిన హిదాయా అనే హనఫీ ఫిఖ్హ్ గ్రంథంతో పాఠం మొదలవుతుంది గానీ అక్కడితో ఆగదు. భర్త ఆచూకీ తెలియని స్త్రీ, హనఫీ మజ్హబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం) పాత తీర్పు ప్రకారం దశాబ్దాలు ఎదురుచూడవలసి వచ్చేది. హనఫీ పండితుడైన మౌలానా అష్రఫ్ అలీ థానవీ 1930లలో మదీనాలోని, మరో మజ్హబ్ అయిన మాలికీ పండితులను సంప్రదించి, నాలుగేళ్ల గడువు చెప్పే వారి అభిప్రాయాన్ని స్వీకరించారు. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలో మొదటి కారణంగా ఉన్నదీ ఆ నాలుగేళ్లే. మూలగ్రంథాలు క్షుణ్ణంగా తెలిసినవారే ఇటువంటి దారి చూపగలరు. ఇంటి అప్పు మీద వడ్డీ, షేర్ల మీద జకాత్ (విధిగా ఇవ్వవలసిన దానం), అవయవదానం వంటి నేటి ప్రశ్నలపై పండితులు చేస్తున్న చర్చలు ఎక్కువగా అరబీ, ఉర్దూలలోనే ఉండగా, మన యువకుల్లో చాలామందికి చదవడం వచ్చినది తెలుగే.

గ్రంథాలకు, రెండు బీరువాలకు, బోధించే మౌల్వీ గారి నెలవారీ గౌరవ వేతనానికి, స్త్రీలు కూర్చునేందుకు పరదా ఏర్పాటుకు మీ సహాయం కోరుతున్నాము. దయచేసి జకాత్, ఫిత్రా సొమ్ము ఇందులో కలపకండి. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ అర్హుడైన మనిషికి సొంతమయ్యేలా అతని చేతికే చేరాలి. లిల్లాహ్ (అల్లాహ్ కోసం ఇచ్చే విరాళం), నఫిల్ సదఖా (ఐచ్ఛిక దానం) మాత్రమే స్వీకరిస్తాము. ఇంట్లో ఉన్న ఫిఖ్హ్ గ్రంథాలను వక్ఫ్‌గా (శాశ్వత ధర్మదానంగా) ఇచ్చినా సంతోషమే.

విరాళాలను జుమా నమాజు తర్వాత కోశాధికారికి అందజేసి రసీదు తీసుకోగలరు. ప్రతి నెలా మొదటి జుమా నాడు జమాఖర్చులు నోటీసు బోర్డు మీద ఉంచుతాము.

ఇట్లు,
మసీదు ఇంతిజామీ కమిటీ