బీప్ మోగేసరికి చలానా పడిపోతుంది

సంపాదకులకు,

బెజవాడ, గుంటూరుల్లో ఖరీదైన కార్లకు రాడార్ డిటెక్టర్ (పోలీసుల స్పీడ్ గన్‌ను పసిగట్టి బీప్ కొట్టే పరికరం) బిగించమని అడిగేవాళ్లు కనిపిస్తున్నారు. అమెరికాలో ఉన్న అబ్బాయి పంపాడనో, బావగారు సూట్‌కేసులో తెచ్చారనో డబ్బా పట్టుకొస్తారు. అక్కడ మంచి రకానికి వందల డాలర్లు పెట్టాలి. ఆ డబ్బు ఇక్కడి రోడ్ల మీద దేనికీ పనికిరాదన్నది ఒక సంగతి. దాన్ని బిగించే తీరు వల్ల కారు పాడవుతుందన్నది మరో సంగతి. రెండోదే ఎక్కువ ఖర్చు.

ముందు అది వినేదేమిటో చూద్దాం. డిటెక్టర్ అంటే ఒక రేడియో రిసీవర్. పోలీసు రాడార్ వాడే ఎక్స్ బ్యాండ్ (10.5 గిగాహెర్ట్జ్), కె బ్యాండ్ (24 చుట్టుపక్కల), కెఎ బ్యాండ్ (33.4 నుంచి 36) తరంగాలు తగిలితే మోగుతుంది. మన దగ్గర ఇంటర్‌సెప్టర్ వాహనాల్లోనూ, పోలీసుల చేతుల్లోనూ ఎక్కువగా కనిపించేవి లేజర్ గన్‌లు, అంటే రేడియో తరంగం కాదు, కాంతి కిరణం వాడేవి. లేజర్ కిరణం 300 మీటర్ల దూరంలో కూడా సుమారు మీటరు వెడల్పే ఉంటుంది. దాన్ని నంబర్ ప్లేటు మీదికో హెడ్‌లైటు మీదికో గురిపెడతారు. డిటెక్టరేమో పైన కారు ముందు అద్దానికి అతుక్కుని ఉంటుంది. ఒకవేళ కిరణం దానికి తగిలినా, గన్ అర సెకనులోపే వేగం కొలిచేస్తుంది. 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు కదులుతుంది. బీప్ విని కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే ఫొటో తీయడం కూడా అయిపోతుంది. సీసీ కెమెరాతో నంబరు చదివే పద్ధతిలోనైతే వినడానికి తరంగమే ఉండదు. ఆ పరికరంలో జీపీఎస్ కెమెరా జాబితా కూడా ఉందంటారు గానీ, అది అమెరికా, కెనడా రోడ్లది.

మరి అది అస్తమానం మోగుతుందేం? పక్కనుంచి వెళ్లే కార్లవల్ల. కొన్ని కార్లలో, అద్దాల్లో కనపడని పక్క వాహనాన్ని పట్టే బ్లైండ్ స్పాట్ సెన్సర్లు కూడా 24 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తాయి. షాపింగ్ మాల్ ఆటోమేటిక్ తలుపుల సెన్సర్లదీ అదే తంతు. కొన్నిసార్లు సొంత కారు సెన్సరే దాన్ని కూయిస్తుంది. బెంజ్ సర్కిల్ నుంచి కాజ టోల్ ప్లాజా దాకా వెళ్లేలోపు నాలుగుసార్లు ఉత్తుత్తిగా మోగితే, అయిదోసారి ఎవరూ పట్టించుకోరు. నాన్నా పులి కథే.

ఇంకో చిక్కు అద్దంతోనే. ఖరీదైన కార్లలో కొన్నింటికి ఎండ వేడి ఆపేందుకు ముందు అద్దంలో పల్చటి లోహపు పూత ఉంటుంది. అది రాడార్ తరంగాలనే కాదు, జీపీఎస్‌నూ ఫాస్టాగ్‌నూ కూడా అడ్డుకుంటుంది. టోల్ దగ్గర ఫాస్టాగ్ మొరాయిస్తూ, రియర్‌వ్యూ అద్దం దగ్గరికి మార్చి అంటించాక చదువుతుంటే ఆ పూత ఉన్నట్టే అనుకోవచ్చు. చాలా మోడళ్లలో అక్కడ పూత లేని చిన్న ముక్క వదులుతారు, ఓనర్ మాన్యువల్లో బొమ్మ ఉంటుంది. డిటెక్టరైనా, జీపీఎస్ ఉన్న డ్యాష్‌క్యామ్ (దారిని రికార్డు చేసే కెమెరా) అయినా పనిచేసే చోటు అదే. ఆ పక్కనే వాన సెన్సరు, లేన్ కెమెరా ఉంటాయి, వాటికి అడ్డం పెట్టకూడదు.

ఇక బిగింపు. డ్యాష్‌క్యామ్ కొనేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

తొందర పనివాళ్లు రియర్‌వ్యూ అద్దం వెనక వైరుకు నొక్కుడు క్లిప్పు బిగించి అక్కడి నుంచే కరెంటు లాగేస్తారు. వైరు కనపడదు, పని పావుగంటలో తేలిపోతుంది. ఆ క్లిప్పు లోపలి రేకు వైరు తొడుగును కోసేటప్పుడు రాగి పోగుల్లో నాలుగైదింటిని కూడా తెంపుతుంది. ఎండకు, అదురుకు ఆ జాయింటు నెలల్లో వదులవుతుంది. పైగా ఈ కార్లలో అద్దానికి వెళ్లేది ఉత్త కరెంటు వైరే కాకపోవచ్చు, పక్కనే కంప్యూటర్ సంకేతాల వైరు ఉంటుంది. తప్పు వైరు పట్టుకుంటే ఆటో డిమ్మింగ్, వాన సెన్సరు, హై బీమ్ ఒక్కొక్కటే హెచ్చరిక చూపిస్తాయి. వారంటీ అడిగినప్పుడు షోరూమ్ వాళ్లు మొదట వేలు పెట్టి చూపేది ఆ క్లిప్పునే.

సరైన దారి ఫ్యూజ్ బాక్స్ నుంచి. ఉన్న ఫ్యూజ్ చోటు నుంచే కొత్త పరికరానికీ కరెంటు ఇచ్చే ఫ్యూజ్ ట్యాప్ అనే చిన్న ముక్క దొరుకుతుంది. కొనేముందు కారులోని ఫ్యూజ్ సైజు చూసుకోవాలి. కొత్త యూరప్ కార్లలో మైక్రో 2 సైజు ఎక్కువ, మినీ ఫ్యూజ్ ట్యాప్ అందులో దిగదు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ కంప్యూటర్ ఫ్యూజుల జోలికి పోకూడదు. 12 వోల్టుల సాకెట్‌ది తీసుకుంటే మేలు. ట్యాప్ పై అరలో పరికరానికి 2 ఆంపియర్ల ఫ్యూజ్ చాలు, కింది అరలో పాత ఫ్యూజే ఉండాలి. ట్యాప్‌ను తిప్పి పెట్టడం మామూలుగా జరిగే తప్పు. రెండు ఫ్యూజులకూ ఉమ్మడిగా ఉన్న కాలు కరెంటు వచ్చే వైపుకు రావాలి, లేకపోతే రెండింటి భారమూ పాత ఫ్యూజ్ మీదే పడుతుంది. పరీక్ష తేలిక: పాత ఫ్యూజు లాగేసినా పరికరం వెలుగుతుంటే సరిగ్గా ఉన్నట్టు. బల్బు టెస్టర్ ఈ కార్లలో వాడొద్దు, అది లాగే కరెంటు సున్నితమైన సర్క్యూట్లకు మంచిది కాదు. మల్టీమీటర్ వాడాలి.

ఎర్త్ వైరును పెయింట్ పూయని బాడీ బోల్టుకు బిగించాలి. బ్యాటరీ నెగటివ్ కొనకు నేరుగా తగిలించకూడదు. చాలా లగ్జరీ కార్లలో అక్కడ వచ్చీపోయే కరెంటును లెక్కించే బ్యాటరీ సెన్సర్ ఉంటుంది, దాన్ని దాటేసి పోయే కరెంటు కారు లెక్కలోకి రాదు.

వైరును పైకి తీసుకెళ్లేది ముందు పిల్లర్ (ముందు అద్దం పక్కనుండే స్తంభం) గుండానే. అక్కడ కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మడిచి ఉంటుంది. వైరు దాని వెనకనుంచి, కంపెనీ హార్నెస్‌కు (వైర్ల కట్టకు) కట్టి వెళ్లాలి. ముందునుంచి లాగితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దారికి అడ్డమవుతుంది. పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది, తాకొద్దు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా దాన్ని ఊడదీస్తే మీటర్లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, స్కానర్ పెట్టేదాకా ఆరదు. పిల్లర్ ట్రిమ్ క్లిప్పులు కొన్ని మోడళ్లలో ఒక్కసారికే పనికొస్తాయి, కొత్తవి ముందే తెచ్చుకోవాలి. వైరుకు బట్ట టేపు చుట్టకపోతే గతుకు వచ్చిన ప్రతిసారీ కిటకిటలాడుతుంది. కోటి రూపాయల కారులో ఆ చప్పుడు ఎవరు భరిస్తారు?

ఆఖరున బ్యాటరీ. తాళం వేసిన వెంటనే ఈ కార్లు నిద్రపోవు. లోపలి సర్క్యూట్లు పది నిమిషాల నుంచి అరగంట దాకా మేలుకునే ఉంటాయి. కాబట్టి తాళం వేసి, బానెట్ తెరిచే ఉంచి దాని లాక్‌ను మాత్రం స్క్రూడ్రైవర్‌తో మూసినట్టుగా చేసి, అరగంట ఆగి కరెంటు కొలవాలి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే సరే. 24 గంటలూ కరెంటు వచ్చే ఫ్యూజుకు తగిలిస్తే, 0.3 ఆంపియర్లు లాగే పరికరం రోజుకు 7.2 ఆంపియర్ గంటలు తినేస్తుంది. అయిదు రోజుల తిరుపతి ప్రయాణానికి రైల్లో వెళ్లి వచ్చేసరికి 70 ఆంపియర్ గంటల బ్యాటరీలో సగం ఖాళీ. కారు ఆపి ఉన్నప్పుడూ డ్యాష్‌క్యామ్ రికార్డు చేయాలంటే, బ్యాటరీ 12.2 వోల్టులకు దిగగానే కరెంటు ఆపేసే కిట్ తప్పనిసరి. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో డ్యాష్‌క్యామ్‌లోని లిథియం బ్యాటరీ ఉబ్బిపోవచ్చు, దానికి బదులు సూపర్ కెపాసిటర్ ఉన్నదే అడిగి కొనాలి.

చట్టం సంగతి రెండు మాటల్లో. డిటెక్టర్ వినేది, జామర్ ఎదురు సంకేతం పంపేది. అనుమతి లేకుండా సిగ్నల్ జామర్లు కొనడం, అమ్మడం, వాడటం చట్టవిరుద్ధమని టెలికాం శాఖ చెప్పింది, అలాంటివి అంటగట్టేవాళ్లతో జాగ్రత్త. అమెరికా అంతటా డిటెక్టర్ చెల్లుతుందన్నదీ నిజం కాదు. మనవాళ్లు బోలెడుమంది ఉండే వర్జీనియాలోనే అది నిషిద్ధం.

అన్నిటికన్నా వింత ఒకటుంది. 2019 జూలై 1 నుంచి తయారైన ప్రతి కారులోనూ 80 దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా మోగే స్పీడ్ అలర్ట్ తప్పనిసరి. ఆ మోత చిరాకని సాఫ్ట్‌వేర్‌లో దాని నోరు మూయించి, తర్వాత డబ్బు పోసి డిటెక్టర్ కొంటున్నారు! కేంద్రం 2018లో ఇచ్చిన పరిమితుల ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు వరసల రోడ్డు మీద కార్లకు గరిష్ఠం 100, పురపాలక రోడ్ల మీద 70. రాష్ట్రాలు ఇంకా తగ్గించవచ్చు. దాటితే జరిమానా వెయ్యి నుంచి రెండు వేలు. డిటెక్టర్ ధరకు ఎన్ని చలానాలో లెక్క వేసుకోవచ్చు, ఆ లెక్క వేసుకోమని సలహా ఇవ్వడం లేదు.

అధికారులకూ ఒక విన్నపం. 2021లో వచ్చిన కేంద్ర మోటారు వాహన నిబంధన 167ఎ ప్రకారం కెమెరా, స్పీడ్ గన్ ఉన్న దారికి ముందే కొట్టొచ్చినట్టు కనిపించే హెచ్చరిక బోర్డు ఉండాలి. విజయవాడ-గుంటూరు దారిలోనూ, హైదరాబాద్ రోడ్డు మీదా ఆ బోర్డులు చెట్టు కొమ్మల వెనకో, పుట్టినరోజు ఫ్లెక్సీల వెనకో దాక్కోకుండా చూడాలి. పరిమితి 100 నుంచి 70కి మారే చోట అంకె రాత్రిపూట హెడ్‌లైటు వెలుగులో కూడా చదవగలిగేలా ఉండాలి.

– ఒక ఆటో ఎలక్ట్రీషియన్, ఆటోనగర్, విజయవాడ