బార్బడోస్‌కు వీసా అక్కర్లేదు సరే, దారి మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

2024 జూన్ 29న మన జట్టు టీ20 ప్రపంచ కప్ గెలిచిన నాటి నుంచి, ఆ ఫైనల్ జరిగిన కరీబియన్ దీవి బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్ పేరు మనవాళ్ల నోళ్లలో నానుతూనే ఉంది. వీసా లేకుండా వెళ్లగల దేశాలంటూ పత్రికల్లో వచ్చే జాబితాల్లోనూ ఆ దేశం ఉంటుంది. అబద్ధమేమీ కాదు. తిరుగు టికెట్, బస చిరునామా చూపిస్తే భారత పాస్‌పోర్టు మీద దిగనిస్తారు. కానీ మన దేశం నుంచి అక్కడికి నేరుగా విమానం లేదు. వీసా అడిగేది దారిలో విమానం మారే దేశం.

అమెరికా మీదుగా వెళ్తే రెండు గంటల ఆగుడుకైనా ఇమిగ్రేషన్ దాటాల్సిందే. ట్రాన్సిట్ వీసా గానీ విజిటర్ వీసా గానీ ఉండాలి. లండన్‌లో విమానాశ్రయం దాటకపోయినా మనకు ట్రాన్సిట్ వీసా కావాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా, కెనడా వీసాల వంటివి ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. చౌకగా వస్తున్నాయని రెండు టికెట్లు విడివిడిగా కొంటే మరో చిక్కు. సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి కాబట్టి ఆ దేశంలోకి అడుగుపెట్టినట్టే లెక్క, మినహాయింపు సరిపోకపోవచ్చు. ఇవన్నీ బయటపడేది శంషాబాద్ కౌంటర్ దగ్గర, డబ్బు కట్టేశాక.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇంకో మెలిక. వీసా స్టాంపు గడువు ముగిసినా, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ప్రవేశ పత్రం) చెల్లుతుంటే 30 రోజుల్లోపు తిరిగి రావచ్చన్న సడలింపు హెచ్-1బీ (ఉద్యోగ వీసా) వాళ్లకు కెనడా, మెక్సికోలకే వర్తిస్తుంది. ఎఫ్-1 విద్యార్థులకు బార్బడోస్‌కూ వర్తిస్తుంది. ఎఫ్-1 మీదున్న స్నేహితుడు వెళ్లొచ్చాడు కదా అని హెచ్-1బీ వాళ్లు బయల్దేరితే తిరుగు విమానం ఎక్కనివ్వరు.

ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా అని ట్రినిడాడ్‌నో గయానానో కలుపుకునేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా మరవకూడదు. భారత్ ఆ రెండిటినీ ఎల్లో ఫీవర్ దేశాలుగా లెక్కిస్తుంది. అక్కడి నుంచి సర్టిఫికెట్ లేకుండా వస్తే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. టీకా వేసుకున్న 10 రోజులకు గానీ ఆ కాగితం చెల్లదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు.

సామాన్లలో రైస్ కుక్కర్ పెట్టుకోకండి. బార్బడోస్‌లో కరెంటు 115 వోల్టులు, మనది 230. వోల్టేజి సగమైతే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది, బియ్యం నానుతుందే తప్ప ఉడకదు. అడాప్టర్ పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజిని కాదు. ఫోను ఛార్జర్ మీద 100–240 అని ఉంటే దానికి ఇబ్బంది లేదు. మిలటరీ మచ్చల బట్టలు అక్కడ నేరం, పిల్లల నిక్కర్లతో సహా.

బ్రిడ్జ్‌టౌన్ ఊరు చూడటానికి కారు అక్కర్లేదు. పాత ఓడరేవు కెరీనేజ్ దగ్గర మొదలుపెట్టి ఛాంబర్లేన్ వంతెన, పార్లమెంటు, 1654లో మొదట కట్టి, 1831 తుపానులో కూలాక 1833లో తిరిగి కట్టిన యూదుల ప్రార్థనా మందిరం నడిచే చూడొచ్చు. ఓడలను పక్కకు ఒరిగించి అడుగుభాగం గీకి శుభ్రం చేసే పనిని కెరీనింగ్ అంటారు, రేవుకు ఆ పేరు అలా వచ్చింది. పాత గైడు పుస్తకాల్లో కనిపించే బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ విగ్రహం కోసం మాత్రం వెతక్కండి, 2020 నవంబరులో తీసేశారు. 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది ఈ ఊరి మధ్యభాగాన్నొక్కటే కాదు, దక్షిణాన ఉన్న బ్రిటిష్ సైనిక స్థావరం గారిసన్‌ను కూడా. అక్కడికి బస్సులో వెళ్లొచ్చు. ఛార్జీ మూడున్నర బార్బడోస్ డాలర్లు, అంటే 1.75 అమెరికా డాలర్లు. ప్రభుత్వ నీలం బస్సుల్లో చిల్లర తిరిగి ఇవ్వరు. స్టాపు బోర్డు మీద ‘టు సిటీ’ అని ఉంటే ఊళ్లోకి, ‘అవుట్ ఆఫ్ సిటీ’ అని ఉంటే బయటికి. ఆదివారం దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి.

జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్ల కాలం. కప్పు గెలిచిన మన జట్టే బెరిల్ తుపాను వల్ల విమానాశ్రయం మూతపడి అక్కడ చిక్కుకుపోయింది. వాళ్ల కోసం ప్రత్యేక విమానం వెళ్లింది. మనం మాత్రం ఆ నెలల్లో తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే కొనుక్కోవాలి.

— ఒక పాఠకుడు, హైదరాబాద్