కాగితం ముక్క కనిపిస్తే ఎల్‌ఎస్‌డీయేనా?

సంపాదకునికి,

తపాలా బిళ్లకన్నా చిన్న కాగితం ముక్కలు పట్టుబడగానే ‘ఎల్‌ఎస్‌డీ’ (భ్రాంతులు కలిగించే మాదకద్రవ్యం) అని పత్రికల్లో రాసేస్తున్నారు. అదే రూపంలో 25ఐ-ఎన్‌బోమ్ అనే కృత్రిమ మాదకద్రవ్యాన్నీ అమ్ముతారు. 2003లో బెర్లిన్‌లో రాల్ఫ్ హైమ్ అనే రసాయన శాస్త్రవేత్త పరిశోధనలో పుట్టిందిది. మెదడులో సెరటోనిన్ అనే రసాయన సందేశాన్ని అందుకునే 5-హెచ్‌టీ2ఏ గ్రాహకాలను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి మైక్రోగ్రాముల్లోనే పనిచేస్తుంది. భ్రాంతులతో ఆగదు. రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఒళ్లు పెనంలా కాలిపోతుంది, ఫిట్స్ వస్తాయి. విదేశాల్లో ఎల్‌ఎస్‌డీ అనుకుని వేసుకున్న కుర్రాళ్లు చనిపోయారు. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. త్వరగా ఆసుపత్రికి చేర్చడమే దారి. నాలుక మీద చేదు, తిమ్మిరి అనిపించడం ఒక ఆనవాలే, కానీ దాన్ని నమ్ముకోలేం. ఐక్యరాజ్యసమితి 2015లోనే దీన్ని నియంత్రణ జాబితాలో చేర్చింది. ల్యాబ్ నివేదిక వచ్చాకే ఆ మందు పేరు రాయండి, దయచేసి. తల్లిదండ్రులకూ డాక్టర్లకూ ఆ తేడా తెలియాలి.

— ఒక పాఠకుడు