ఒక్క డిస్కుకు నలుగురు పెత్తందార్లు

ఒరేయ్ రమణా,

ఎలా ఉన్నావు? పాప బడికి అలవాటు పడిందా? మొన్న ఫోన్‌లో మొదలుపెట్టి సగంలో ఆపేశాను చూడు, ఆ రాత్రి సంగతి, అదే ఇవాళ తీరిగ్గా రాస్తున్నాను. ఉత్తరం పెద్దదవుతుంది, కాఫీ పెట్టుకుని కూర్చో.

మా దగ్గర ఒక పాత లినక్స్ సర్వర్ ఉంది. అందులో లాగ్ ఫైళ్ళకిచ్చిన 500 జీబీ వాల్యూమ్, అంటే డిస్కుల్లోంచి కేటాయించిన భాగం, సగం ఖాళీ. పక్కనే డేటాబేస్ వాల్యూమ్ నిండిపోయింది. ఇక్కడ 100 జీబీ తీసి అక్కడ కలపాలి, అంతే పని. దాని మీదున్న ఫైల్‌సిస్టమ్ (ఏ ఫైలు ఎక్కడుందో లెక్క చూసే పొర) ఈఎక్స్‌టీ4 కాబట్టి, అన్‌మౌంట్ చేసి, అంటే వాడకం ఆపి, తగ్గించొచ్చు. ముందు రీసైజ్2ఎఫ్ఎస్‌తో ఫైల్‌సిస్టమ్‌ని కుదించాలి, ఆ తర్వాతే ఎల్‌వీరెడ్యూస్‌తో వాల్యూమ్‌ని కొయ్యాలి. రాత్రి రెండింటికి, నిద్రమత్తులో, నేను ముందు వాల్యూమ్‌ని కోసేశాను. డేటా పోవచ్చని పెద్ద అక్షరాల్లో హెచ్చరిక వచ్చింది. సరేనంటూ ‘వై’ కొట్టాను.

ఎందుకు కొట్టానో తెలుసా? ఆ హెచ్చరిక వరస సరిగ్గా పాటించినప్పుడు కూడా వస్తుంది. వాల్యూమ్‌లు చూసే ఎల్‌వీఎం మా దగ్గర పాత వెర్షన్, దానికి తన మీద ఫైల్‌సిస్టమ్ ఉందో లేదో, అది అప్పటికే కుదించుకుందో లేదో తెలియదు. తెలియదు కాబట్టి ప్రతిసారీ ఒకే కేక పెడుతుంది. ఏళ్ళ తరబడి ఆ కేక విన్నవాడికి అది చెవికెక్కదు.

తర్వాత ఫైల్‌సిస్టమ్ చెక్ నడిపాను. సూపర్‌బ్లాక్ (ఫైల్‌సిస్టమ్ తన సైజు రాసుకునే చోటు) లెక్కలో సైజు ఇంత, డివైస్ అసలు సైజు ఇంత, రెండింట్లో ఏదో ఒకటి పాడైనట్టుంది అని తేల్చింది. గుండె జారిపోయింది రా. అయితే ఎల్‌వీఎం ప్రతి మార్పుకీ ముందు తన పాత పటాన్ని ఆర్కైవ్ ఫోల్డర్‌లో దాచుకుంటుంది. వీజీసీఎఫ్‌జీరీస్టోర్ కొట్టి ఆ పటాన్ని వెనక్కి తెచ్చాను. అదృష్టం, కోసిన 100 జీబీని ఇంకా డేటాబేస్‌కి కలపలేదు, అందులో ఎవరూ ఏమీ రాయలేదు. ఫైళ్ళన్నీ ఉన్నచోటే ఉన్నాయి. తెల్లారేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

అప్పట్నుంచీ ఒకటే ఆలోచన. డిస్కుని ముక్కలు చేసే పార్టిషన్‌కి ఒక టూలు, డిస్కులని కలిపి ఒకటిగా వాడే రెయిడ్‌కి ఎండీఅడ్మ్, వాల్యూమ్‌కి ఎల్‌వీఎం, ఆ పైన ఫైల్‌సిస్టమ్ టూలు. ఒక్క డిస్కు మీద నలుగురు పెత్తందార్లు, ఎవరి గోల వాళ్ళది. ఎల్‌వీఎంని నేను తప్పుపట్టను. 1998లో హైంజ్ మావెల్స్‌హాగెన్ హెచ్‌పీ కంపెనీ హెచ్‌పీ-యూఎక్స్ సిస్టమ్‌లో ఉన్నదాన్ని చూసి లినక్స్‌కి రాసినప్పుడు, డిస్కుల హద్దులు దాటి వాల్యూమ్ సాగడమే పెద్ద వరం. పొరలు వేరుగా ఉంటే ఏ పొరనైనా మార్చుకోవచ్చు, ఆ సుఖం మనం ఇన్నేళ్ళు అనుభవించాం.

మరి నలుగురినీ కలపడం ఎలా? పైన ఒక కమాండు పెట్టడం ఒక దారి. ఎల్‌వీఎక్స్‌టెండ్‌కి ‘ఆర్’ తగిలిస్తే ఫైల్‌సిస్టమ్ కూడా వెంటనే పెరుగుతుంది చూడు, అది ఈ దారిలో చిన్న అడుగు. రెడ్ హ్యాట్ వాళ్ళ స్ట్రాటిస్ పెద్ద అడుగు. పూల్ (డిస్కులన్నీ కలిపిన నిల్వ) చెయ్యి, అందులో ఫైల్‌సిస్టమ్ చెయ్యి, రెండే మాటలు. కింద మనకి తెలిసిన ఎక్స్ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్, వాల్యూమ్‌లని డిస్కులకి కలిపే డివైస్ మ్యాపర్లే పనిచేస్తాయి. నిండుతుంటే అదే పెంచుకుంటుంది. కానీ వర్చువల్ మెషీన్‌లో చిన్న పూల్ కట్టి, ఎంత చోటుందో చూపే డీఎఫ్ కొడితే 1 టీబీ అని చూపించింది! అసలు డిస్కు అందులో పదో వంతు కూడా లేదు. ఆ అంకెని నమ్మి పడుకున్నవాడికి పూల్ నిండే రోజున టెన్షనే. కమాండ్లు కలిశాయి గానీ కింద పొరలు ఇంకా పరాయివాళ్ళే.

రెండో దారి జడ్ఎఫ్ఎస్, అంటే వాల్యూమ్, రెయిడ్, ఫైల్‌సిస్టమ్ అన్నీ ఒకటే అయిన ఏర్పాటు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బాన్విక్, మాథ్యూ ఆరెన్స్ 2001లో మొదలుపెట్టారు, 2005లో వాళ్ళ సోలారిస్ సిస్టమ్ కోడ్‌లో చేరింది. కంప్యూటర్‌లో కొత్త ర్యామ్ పెడితే దాన్ని పార్టిషన్ చేస్తామా, ఫార్మాట్ చేస్తామా? డిస్కు కూడా అలాగే ఉండాలన్నది వాళ్ళ పట్టుదల. పొరల హద్దులు చెరిపేశారని లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ) పెద్దల్లో ఒకరైన ఆండ్రూ మార్టన్ తప్పుపట్టారు. నేనూ చాలాకాలం ఆయన పక్షమే.

నా మనసు మార్చింది పోయిన ఆదివారం. రెండు వర్చువల్ డిస్కులతో జడ్ఎఫ్ఎస్ మిర్రర్ (రెండింట్లోనూ ఒకే డేటా) కట్టి, ఫైళ్ళు నింపి, ఒక డిస్కు మధ్యలో కావాలనే సున్నాలు రాసేశాను. స్క్రబ్, అంటే డేటా అంతా చదివి సరిచూసే పని, నడిపాను. జడ్‌పూల్ స్టేటస్‌లో ఆ డిస్కు ఎదురుగా చెక్‌సమ్ (డేటా మారిందో లేదో పట్టే లెక్క) తప్పుల అంకె కనిపించింది, కింద డేటా తప్పులు మాత్రం సున్నా. రెండో కాపీ చూసి తనే బాగుచేసుకుంది. అదే పని ఎండీఅడ్మ్‌తో కట్టిన ఎండీ మిర్రర్ మీద చేశాను. రెండు కాపీలు తేడాగా ఉన్నాయని లెక్క చెప్పగలిగింది గానీ, ఏది నిజమో చెప్పలేకపోయింది. ఎలా చెబుతుంది? బ్లాకులో ఏముండాలో దానికి ఎవరూ చెప్పలేదు. రిపేర్ అంటే ఒకదాని మీద ఇంకోటి రాసెయ్యడమే, చెడ్డదే మంచిదాని మీద పడొచ్చు. ఫైల్‌సిస్టమ్‌కి చెక్‌సమ్ తెలిసి, రెయిడ్ కూడా దాని చేతిలోనే ఉంటే ఇది కుదురుతుంది. పాడైన డిస్కు మార్చినప్పుడు కూడా అంతే, జడ్ఎఫ్ఎస్ డేటా ఉన్న బ్లాకులే కాపీ చేస్తుంది, ఎండీ మామూలుగా డిస్కంతా మొదట్నుంచి చివరిదాకా రాస్తుంది. కమాండ్లు కలిపితే వేళ్ళకి సుఖం. ఎరుక కలిస్తే డేటా నిలుస్తుంది.

బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్‌దీ ఇదే దారి, 2020లో దాన్ని ఫెడోరా 33 అనే లినక్స్ డెస్క్‌టాప్‌కి డిఫాల్ట్ చేశారు. కానీ దాని రెయిడ్5 మీద నాకు ఇంకా నమ్మకం కుదరలేదు.

జడ్ఎఫ్ఎస్‌తో నా బెంగ ఒక్కటే. దాని లైసెన్స్ లినక్స్ లైసెన్స్‌తో పడక అది కెర్నల్ బయటే ఉండిపోయింది. కెర్నల్ అప్‌డేట్ అయిన రోజు కొత్త కెర్నల్‌కి జడ్ఎఫ్ఎస్ మాడ్యూల్ బిల్డ్ కాకపోతే పూల్ పైకి రాదు. మా టీమ్‌లో కుర్రాళ్ళు అదే పాయింట్ మీద అడ్డం తిరుగుతున్నారు, వాళ్ళ భయం నిజమే.

ఈ నెలాఖరుకి కొత్త సర్వర్ వస్తోంది, ఆరు డిస్కులు. మీ బెంగళూరు ఆఫీసులో రెండేళ్ళుగా ఉబుంటు మీద జడ్ఎఫ్ఎస్ నడుపుతున్నావు కదా. కెర్నల్ అప్‌డేట్లప్పుడు ఎన్నిసార్లు ఇబ్బంది పడ్డావు, ఎలా బయటపడ్డావు, దాచకుండా చెప్పు. ఆదివారం పొద్దున్నే ఫోన్ చెయ్యి, కుర్రాళ్ళని కూడా కూర్చోబెడతాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ,
శ్రీను