మా తాతమ్మ పేరు నాకు తెలీదురా

ఒరేయ్,

ఎలా ఉన్నావ్? మొన్న ఫోన్ పెట్టేసే ముందు ఓ మాట అన్నావ్ గుర్తుందా, "మనం పోయాక ఓ వందేళ్ళకి మనమంటూ ఉన్నామని ఎవడికైనా గుర్తుంటుందారా" అని. నీకేం, అడిగేసి హాయిగా పడుకుని ఉంటావ్, ఆ రాత్రి నిద్ర పట్టంది నాకు. మెసేజ్‌లో నాలుగు ముక్కలు పెడదామని మొదలెట్టా, అది పెరిగి పెరిగి ఇదిగో ఇలా ఉత్తరం అయి కూర్చుంది. ఓపిగ్గా చదువు మరి.

ముందు ఏం చేశానంటే, లేచి లైటేసి ఓ కాగితం తీసుకున్నా. అమ్మానాన్న ఇద్దరు, రాసేశా. నాన్న వైపు తాత, నాయనమ్మ, అమ్మ వైపు తాత, అమ్మమ్మ, నలుగురు, అదీ టకటకా వచ్చేసింది. ఇక వాళ్ళ అమ్మానాన్నలు, మొత్తం ఎనిమిది మంది. ఎంత బుర్ర గోక్కున్నా మూడు పేర్లే వచ్చాయిరా, నాలుగోది సగం వచ్చింది, చివర్లో 'య్య' ఉంటుందని మాత్రం గ్యారంటీ. తమాషా ఏంటంటే ఆ మూడున్నరా మగాళ్ళవే. ఆడవాళ్ళ పేరు ఒక్కటంటే ఒక్కటి లేదు. వీళ్ళేం వెయ్యేళ్ళ కిందటి మనుషులు కాదు కదా, మా నాన్నని చంకనేసుకుని తిరిగినవాళ్ళు! సొంత మునిమనవడికే గుర్తులేకపోతే ఇంక బయటివాడికి ఎందుకుంటుంది? ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే పదో తరానికి లెక్క 1,024 మంది తేలుతుంది (చుట్టాల్లో చుట్టాలే పెళ్ళి చేసుకుని ఉంటే కాస్త తగ్గుతుందనుకో), అంతమందిలో ఒక్కరి మొహం కూడా నాకు తెలీదు.

సరే, అయితే ఎవరూ గుర్తుండరని తేల్చేసి పడుకుందామా అంటే అదీ కుదర్లేదు, ఎందుకంటే అప్పుడే ఎఆ-నాసిర్ గుర్తొచ్చాడు. ఎవడా అంటావా, క్రీ.పూ. 1750 ప్రాంతంలో మెసొపొటేమియాలో ఊర్ అనే నగరంలో రాగి అమ్ముకునే వ్యాపారి. నన్ని అని ఒకాయన ఇతని మీద మండిపడుతూ మట్టి పలక మీద ఫిర్యాదు రాశాడు, మంచి రాగి ఇస్తానని చెప్పి నాసిరకం సరుకు అంటగడతావా, నేను పంపిన మనిషిని అవమానించి పంపిస్తావా అని. ఆ పలక ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, మూడువేల ఏడొందల ఏళ్ళు దాటినా జనం దాని మీద జోకులేసుకుంటున్నారు. పాపం ఆయన జీవితంలో ఎన్ని మంచి పనులు చేశాడో, పిల్లల్ని ఎంత ముద్దుగా చూసుకున్నాడో, అదంతా పోయింది, నాసిరకం రాగి మిగిలింది. అడిగి ఉంటే "బాబోయ్ నన్ను మర్చిపోండి" అనేవాడేమో!

ఇంకోటుంది, అది మరీ బాగుంటుంది. ఈజిప్టులో రాజుల సమాధులు చెక్కే పనివాళ్ళ హాజరు పట్టీ, రెండో రామ్సెస్ పాలనలో 40వ ఏడాదిది, సున్నపురాయి పెంకు మీద రాసింది. ఎవరు ఏ రోజు పనికి రాలేదో, ఎందుకు రాలేదో ఉంటుంది. ఒకడికి తేలు కుట్టింది, ఒకడికి ఒంట్లో బాలేదు, ఒకడు బీరు కాచుకుంటున్నాడు. అంటే చూడు, రాజు ఎవడికీ తెలీకుండా పోకూడదని కొండని తొలిచి సమాధి కట్టించుకుంటుంటే, ఆ పక్కనే డుమ్మా కొట్టినవాడి పేరు ఖర్చు లేకుండా మిగిలిపోయింది. మన స్కూల్ రిజిస్టర్‌కి ఆ అదృష్టం పడితే నీ పేరు ఎదురుగా ఏముంటుందో ఊహించుకో.

నాకు వీళ్ళందరిలో ఇష్టం మాత్రం ఓన్ఫిమ్ రా. పదమూడో శతాబ్దం, రష్యాలో నొవ్‌గొరోద్, ఆరేడేళ్ళ కుర్రాడు అయి ఉంటాడంటారు. భూర్జ చెట్టు బెరడు మీద అక్షరాలు దిద్దుకుంటూ, బోర్ కొట్టినట్టుంది, మధ్యలో బొమ్మలు గీశాడు. ఒకదాంట్లో గుర్రమెక్కి శత్రువుని ఈటెతో పొడుస్తున్నాడు, పక్కన తన పేరు రాసుకున్నాడు. ఇంకోదాంట్లో ఒక వింత జంతువుని గీసి 'నేను క్రూరమృగాన్ని' అని రాశాడు. చేతులకి వేళ్ళు ఎన్ని ఉండాలో కూడా లెక్క లేదు వాడికి, ఒకచోట మూడు, ఒకచోట ఐదు. అక్కడి తడి మట్టిలో బెరడు కుళ్ళకుండా ఉండిపోయింది కాబట్టి మనకి దొరికింది, అంతే, వాడి గొప్పేం లేదు. పెద్దయ్యాక ఏమయ్యాడు, అసలు పెద్దయ్యాడా, ఏమీ తెలీదు. కానీ ఆ బొమ్మ చూస్తుంటే వాడు పక్కన కూర్చుని కాళ్ళు ఊపుతున్నట్టే ఉంటుంది.

నువ్విప్పుడు అంటావ్, మనకేంట్రా మన ఫోటోలన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి కదా అని. నా ఫోన్‌లో పద్నాలుగు వేల ఫోటోలున్నాయి, నాకే చూసే ఓపిక లేదు, మునిమనవడు కూర్చుని చూస్తాడా? పైగా పాస్‌వర్డ్ ఒకటి. మట్టి పలకకి పాస్‌వర్డ్ లేదు, అదీ దాని బలం.

ఇదంతా ఆలోచించి ఆలోచించి తెల్లారాక అత్తయ్యకి ఫోన్ చేశా, నాన్న వాళ్ళ నాయనమ్మ పేరేంటి అని. అత్తయ్య చాలాసేపు ఆలోచించి, "పేరు... అందరూ పెద్దమ్మా అనేవాళ్ళురా, అసలు పేరు నేనెప్పుడూ వినలేదు" అంది. నాకు ఉసూరుమనిపించింది. పెట్టేద్దామనుకుంటుంటే అత్తయ్య తనలో తనే నవ్వడం మొదలెట్టింది, ఏంటంటే తాతమ్మకి జోకులు చెప్పడమంటే మహా సరదా అట, కానీ చివరికొచ్చేలోపే తనకే నవ్వొచ్చేసి, కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా నవ్వి, ఇంక చెప్పలేకపోయేదట. అందుకని ఆవిడ చెప్పిన జోకుల్లో ఒక్కదానికి కూడా చివర ఏంటో ఇంట్లో ఎవరికీ తెలీదు!

ఎఆ-నాసిర్ పేరు తెలుసు, మనిషి తెలీదు. ఈవిడ మనిషి తెలుసు, పేరు తెలీదు. ఎన్నుకోమంటే నేను తాతమ్మ పక్షమేరా, పేరు పోతే పోయింది. ఇది అత్తయ్యతో పోయేదే, ఇప్పుడు నాకూ తెలుసు, నీకూ తెలుసు, ఇంకో నలభై ఏళ్ళు లాగుతుందేమో, ఆ తర్వాత సంగతి నాకనవసరం.

నా విషయానికొస్తే, నా గురించి ఏం చెప్తావో నాకు తెలుసు, ఆ సైకిల్ కథే చెప్తావ్, అది మాత్రం వద్దు, దయచేసి ఇంకేదైనా వెతుకు.

నువ్వూ ఓ కాగితం తీసి నీ ఎనిమిది మంది పేర్లు రాయి. ఎన్నొచ్చాయో ఆదివారం ఫోన్ చేసి చెప్పు, నాకంటే ఎక్కువ వస్తే నమ్మను, మీ అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని రాశావనుకుంటా.

నీ
వాడే