మూడు చక్రాలున్నా కాలు కింద పెట్టాల్సిందే

సంపాదకులకు నమస్కారం.

ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి ఉండి, మలుపులో మామూలు బైకులాగే పక్కకి వాలే బండ్ల గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. వీటి గురించి తెలుగులో రాసేవాళ్లు చాలా తక్కువ, అందుకు సంతోషం. కానీ అందులో "మూడు చక్రాలు కాబట్టి పడిపోతామన్న భయం ఉండదు" అన్న ఒక్క మాట మాత్రం సరిదిద్దాలి. ఎందుకంటే ఆ మాట నమ్మి బండి కొన్నవాళ్లు సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టకుండా నిశ్చింతగా కూర్చుంటే ఆ బరువంతా వచ్చి కాలి మీదే పడుతుంది. ఇది ఎప్పుడో ఒకసారి జరిగే సంగతి కాదు, ఈ బండ్లు కొత్తగా నడిపేవాళ్లలో చాలామంది చేసే పొరపాటే ఇది.

మూడు చక్రాల బైకుల్లో రెండు జాతులున్నాయి. 2007లో వచ్చిన క్యాన్-యామ్ స్పైడర్ లాంటివి వాలవు. ఆపితే మూడు కాళ్ల పీటలా నిలబడతాయి, మలుపులో మాత్రం బండి నిటారుగానే ఉండి మనిషిని బయటికి తోస్తుంది, హ్యాండిల్ గట్టిగా పట్టుకుని లోపలికి వంగాలి. పియాజియో ఎంపీ3, యమహా ట్రైసిటీ, యమహా నైకెన్ రెండో జాతి. వీటి ముందు చక్రాలు రెండింటినీ కలిపే చట్రంలో అడ్డ కడ్డీలు, నిలువు కడ్డీలు కీళ్ల మీద తిరుగుతుంటాయి. బండి ఎడమకి వాలితే ఎడమ చక్రం పైకి లేస్తుంది, కుడిది కిందికి దిగుతుంది, రెండూ నేలని వదలవు, రెండూ ఒకే కోణంలో వంగుతాయి. అందుకే నడిపేవాడికి ఇది అచ్చం బైకులాగే ఉంటుంది, వేగంలో కుడికి తిరగాలంటే కుడి హ్యాండిల్‌ని కాస్త ముందుకి నొక్కడం దగ్గర్నుంచి అన్నీ అవే అలవాట్లు. సరిగ్గా ఇక్కడే అసలు కిటుకు ఉంది. కదిలేటప్పుడు అంత తేలిగ్గా వాలనిచ్చే కీళ్లు ఆగినప్పుడు కూడా అంతే తేలిగ్గా వాలనిస్తాయి. మూడో చక్రం ఉన్నంత మాత్రాన బండిని నిలబెట్టేది ఏమీ లేదు.

మరి ఎంపీ3 మీద కాళ్లు పైనే పెట్టుకుని ఆగినవాళ్లు కనిపిస్తారు కదా అంటే, అది లాక్ మహిమ. వేగం బాగా తగ్గాక స్విచ్ నొక్కితే వాలే కీళ్లు బిగుసుకుంటాయి, మీటర్ దగ్గర లైటు వెలుగుతుంది, బండి కర్రలా నిలుస్తుంది. మళ్లీ యాక్సిలరేటర్ తిప్పగానే లాక్ దానంతటదే వదులుతుంది. వినడానికి హాయిగానే ఉంటుంది కానీ ఆ లాక్ బండి ఏ కోణంలో ఉంటే ఆ కోణంలోనే బిగుస్తుంది. రోడ్డు ఒక పక్కకి వాలుగా ఉన్నచోట కాస్త ఒరిగి ఉండగా నొక్కామా, ఒరిగినట్టే బిగుస్తుంది, వదిలే క్షణంలో బరువంతా ఆ పక్కకే వస్తుంది. ఆగే ముందు బండిని నిటారుగా తెచ్చి నొక్కడం, కదిలే ముందు రెండు చేతులతో బరువు సరిచూసుకోవడం చేతికి అలవాటు కావాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ సౌకర్యం అన్నింటికీ లేదు. చిన్న ట్రైసిటీకి లేదు, పెద్ద నైకెన్‌కీ లేదు. వాటిని మామూలు బైకులాగే కాలు పెట్టి ఆపాలి, స్టాండ్ వేయాలి. మీ వ్యాసంలో ఈ తేడా అసలు రాలేదు.

సరే, పడిపోకుండా ఆపనప్పుడు ఆ రెండో ముందు చక్రం దేనికి? నేను ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం ఈ ప్రశ్నే, ఎందుకంటే దీనికి మంచి జవాబుంది, ఆ జవాబు మాత్రం ఎవరూ చెప్పరు. రెండు చక్రాల బండి మీద వెళ్లేవాడు వెనక చక్రం జారితే చాలాసార్లు సర్దుకోగలడు. ముందు చక్రం జారితే సర్దుకునే సమయమే ఉండదు, హ్యాండిల్ మెలిపడి, ఏం జరిగిందో తెలిసేలోపే మనిషి నేల మీద ఉంటాడు. తడిసిన రోడ్డు మీద తెల్ల పెయింటు గీత, మలుపులో ఎవరో ఒలకబోసిన డీజిల్, గుప్పెడు ఇసుక, మ్యాన్‌హోల్ ఇనుప మూత, ఇవి చాలు. ముందు రెండు చక్రాలున్న బండిలో ఒక చక్రం ఆ ఇసుక మీదికి వెళ్లినా రెండోది ఒక మూర పక్కన శుభ్రమైన తారు మీద ఉంటుంది. హ్యాండిల్ ఒక్కసారి వణికినట్టవుతుంది, అంతే, దాటేస్తాం. బస్తాని ఇద్దరు మోస్తుంటే ఒకడి కాలు జారినా రెండోవాడు ఆపుతాడే, అలా. వానలో ఇలాంటి బండి నడిపినప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. మలుపులో వాలి ఉండగా బ్రేకు తాకాల్సి వచ్చినా గుండె జారలేదు.

రెండు టైర్లు కాబట్టి గ్రిప్ రెట్టింపు అని కూడా కొందరంటారు, అది కరెక్టు కాదు. టైరు పట్టు దాని మీద పడే బరువుని బట్టి ఉంటుంది. ముందు వైపు పడే బరువుని రెండు టైర్లు చెరిసగం పంచుకుంటాయి కాబట్టి రోడ్డు అంతటా ఒకేలా ఉంటే మొత్తం పట్టు కొంచెమే పెరుగుతుంది. లాభమంతా రోడ్డు ఒకేలా లేనప్పుడు. బ్రేకుల సంగతీ అంతే. పొడి రోడ్డు మీద మంచి బైకుని గట్టిగా ఆపబోతే ముందు టైరు జారే లోపే వెనక చక్రం గాల్లోకి లేవబోతుంది, అక్కడ హద్దు టైరు పట్టు కాదు, కాబట్టి ఇంకో ముందు టైరు వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు. తడి రోడ్డు మీద హద్దు టైరు పట్టే. అక్కడే ఈ బండి మనసుకి ధైర్యమిస్తుంది. అలాగని రోడ్డంతా నూనె పరుచుకుని ఉంటే రెండూ కలిసే జారతాయి. వెనక ఎలాగూ ఒక్కటే చక్రం, దాని జారుడు దానిదే.

గుంతల విషయంలో నా అనుభవం రెండు రకాలుగానూ ఉంది. ఒక ముందు చక్రం గుంతలో పడ్డా రెండోది పైనే ఉంటుంది కాబట్టి కుదుపు సగం తగ్గినట్టే ఉంటుంది, హ్యాండిల్ చేతుల్లోంచి లాక్కున్నట్టు ఉండదు. కానీ మామూలు బైకు ఒక్క గీత మీద వెళ్తుంది, ఇది మూడు గీతల మీద వెళ్తుంది. ముందు చక్రాలు రెండూ గుంతకి అటూ ఇటూ దాటిపోయి హమ్మయ్య అనుకునేలోపు వెనక చక్రం నేరుగా అందులో దిగుతుంది. రెండు గుంతల మధ్య సన్నటి దారిలో దూరిపోయే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఇక బరువు. 2018లో అమ్మకానికి వచ్చిన నైకెన్‌లో 847 సీసీ ఇంజిన్, ముందు నాలుగు ఫోర్కులు, మొత్తం 263 కిలోలు. అదే ఇంజిన్ కుటుంబానికి చెందిన రెండు చక్రాల బైకుతో పోలిస్తే 70 కిలోల దాకా ఎక్కువ, అదనంగా వచ్చిన బరువులో చాలా భాగం ముందే ఉంది. వేగంలో తెలియదు కానీ పార్కింగులోంచి వెనక్కి తోసేటప్పుడు బాగా తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, వయసు మళ్లినవాళ్లకి ఇది మంచి బండి అని మీ వ్యాసంలో ఉంది. లాక్ ఉన్న రకమైతే ఆగినప్పుడు నిజంగా సుఖమే, కానీ లాక్ వేయడం మర్చిపోయిన ఒక్కసారి అంత బరువుని ఆ మోకాలే ఆపాలి. అలాంటివాళ్లకి వాలని రకమే మేలని నా ఉద్దేశం.

ముందు భాగంలో కీళ్లు, బుష్‌లు, బేరింగులు మామూలు బైకుకి ఎన్నో రెట్లు. ఒక్కో దాంట్లో కాస్త లూజు వస్తే అన్నీ కలిసి హ్యాండిల్‌లో తెలుస్తాయి. వీటి పని తెలిసిన మెకానిక్ దొరకడం కష్టం, టైర్లు మూడు మార్చాలి, ముందువి రెండూ ఒకేలా అరిగి ఉండాలి, గాలి కూడా రెండింట్లో సమానంగా ఉండాలి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇంజిన్ శబ్దం విని మురిసిపోకుండా ముందు చక్రాలని పట్టుకుని ఊపి చూడాలి.

వాలడానికీ ఒక హద్దుంది. నైకెన్‌కి అది 45 డిగ్రీలు. మామూలుగా రోడ్డు మీద వెళ్లేవాళ్లకి అంత అవసరం రాదు, కానీ ముందు పట్టు బాగుంది కదా అని మలుపుల్లో వేగం పెంచుకుంటూ పోతే హద్దు దగ్గరికి వస్తున్నట్టు ఈ బండి మనకి ముందే చెప్పదు. రెండు చక్రాల బైకు కొంచెం కొంచెంగా హెచ్చరిస్తుంది, ఇది చాలాసేపు ధైర్యం చెబుతూనే ఉంటుంది. నాకు ఈ బండ్లలో భయం వేసే సంగతి ఏదన్నా ఉందంటే అదే.

యూరప్‌లో ఇవి అంతగా అమ్ముడుపోవడానికి భద్రత ఒక్కటే కారణమన్నట్టు రాశారు, లైసెన్సు సంగతి వదిలేశారు. అక్కడి నిబంధన ప్రకారం పక్కపక్కన ఉన్న రెండు చక్రాలు నేలని తాకే చోట్ల మధ్య దూరం 460 మిల్లీమీటర్లు దాటకపోతే ఆ రెండింటినీ ఒకే చక్రంగా లెక్కేస్తారు, అంటే అది చట్టం దృష్టిలో మోటార్‌సైకిలే. అది దాటితే ట్రైసికిల్. ట్రైసికిల్‌ని కారు లైసెన్సుతో నడపనిచ్చే వెసులుబాటు ఫ్రాన్స్, ఇటలీ లాంటి దేశాల్లో ఉంది, పెద్ద ఇంజిన్‌కైతే 21 ఏళ్లు నిండాలి. 2006లో ఎంపీ3 వచ్చాక పియాజియో ఎల్‌టీ పేరుతో ఇంకో రకం తెచ్చింది, దాంట్లో ఆ దూరం 465 మిల్లీమీటర్లు. కేవలం ఆ 460 హద్దు దాటడం కోసమే వెడల్పు చేశారు. కారు తప్ప ఏ బైకూ నడపని ఆఫీసు ఉద్యోగులు పారిస్ ట్రాఫిక్‌లోకి వీటి మీద దిగారు. వాళ్లకి బైకు అలవాట్లు ఎవరు నేర్పుతారన్న ప్రశ్న ఉండనే ఉంది. ఫ్రాన్స్ 2011 నుంచి ఇవి నడిపే కారు లైసెన్సువాళ్లకి ఏడు గంటల శిక్షణ తప్పనిసరి చేసింది. నైకెన్‌లో ఆ దూరం 410 మిల్లీమీటర్లు, దానికి మోటార్‌సైకిల్ లైసెన్సే కావాలి.

ఇది నిన్న మొన్నటి ఆలోచన కూడా కాదు. బ్రిటన్‌లో బీఎస్ఏ కంపెనీ 1970లోనే ఏరియల్ 3 అని వెనక రెండు చక్రాలతో, ముందు సగం మాత్రం వాలే మోపెడ్ తెచ్చింది. అది అమ్ముడుపోక కంపెనీకి నష్టం మిగిల్చింది. దాన్ని రూపొందించిన జార్జ్ వాలిస్ దగ్గర అదే డిజైన్ హక్కులు తీసుకుని హోండా కంపెనీ గైరో అనే బండ్లు చేసింది, జపాన్‌లో పిజ్జాలు ఇంటికి తెచ్చేవాళ్లకి అవి దశాబ్దాలుగా పనికొస్తున్నాయి. కాకపోతే వాటిలో రెండు చక్రాలు వెనక, కాబట్టి ముందు చక్రం జారే ప్రమాదం మామూలు బండిలాగే ఉంటుంది. సామాను మోయడానికి అది, వానలో మనిషిని కాపాడటానికి ఇది.

నేనైతే ఏడాది పొడవునా ఏ వాతావరణంలోనైనా రోజూ దూరం వెళ్లాల్సినవాళ్లకి, బైకు ఇప్పటికే బాగా వచ్చినవాళ్లకి ఈ బండి ధైర్యంగా కొనమంటాను. బైకు రానివాళ్లు ఇది తేలికని కొనడం మాత్రం వద్దు, వాళ్లు ముందు రెండు చక్రాల బండి మీద నేర్చుకోవాలి. ఈసారి ఇలాంటి బండి గురించి రాసేటప్పుడు అది వాలేదా, వాలనిదా, లాక్ ఉందా, ముందు చక్రాల మధ్య దూరమెంత, ఏ లైసెన్సు కావాలి అన్నవి తప్పకుండా వేయండి. "పడిపోతామన్న భయం ఉండదు" అన్న మాటకి సవరణ మాత్రం వచ్చే సంచికలోనే వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు